రోడ్డు దేవుడు కాదు: బస్తర్ చెప్పే నడక చరిత్ర

ప్రతి దసరాకీ మన ఊళ్ళలో ఒక తంతు జరుగుతుంది. కారుకి పసుపు, కుంకుమ పెడతారు. బంతిపూల దండ వేస్తారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. నిమ్మకాయ నలిగినంత మాత్రాన బ్రేకులు గట్టిపడవని హేతువాదులం ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాం.

ఐతే ఆ నిమ్మకాయ కన్నా పెద్ద మూఢనమ్మకం ఒకటుంది. దాన్ని చదువుకున్నవాళ్ళూ నమ్ముతారు, నాస్తికులూ నమ్ముతారు. రోడ్డు వస్తే అభివృద్ధి వచ్చినట్టే అన్నది అందులో మొదటి భాగం. ఆ రోడ్డు బండిది, నడిచేవాడు దానికి అడ్డం అన్నది రెండో భాగం. ఊరి బయట హైవే అయినా, ఊళ్ళో బజారు వీధి అయినా నమ్మకం ఒక్కటే. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో కారు, జీపు, వ్యాను ఉన్న కుటుంబాలు నూటికి ఐదు కూడా లేవు. ఐనా వీధిని కొలిచేది కారు వెడల్పుతోనే.

ఈ నమ్మకాన్ని పరీక్షించి చూడటానికి బస్తర్ చరిత్ర కన్నా మంచి పాఠం నాకు కనిపించలేదు. అక్కడ వందల ఏళ్ళు జనం నడిచారు. రోడ్లు తరవాత వచ్చాయి. ఎందుకొచ్చాయి, ఎవరు వేశారు, ఎవరు తిరిగారు అన్నదానికి తేదీలతో సహా లెక్కలున్నాయి. పైగా అది మనకు పరాయి చోటు కాదు. కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు వినిపిస్తుంది. విశాఖ నుంచి కిరండూల్ రైలెక్కితే అరకు లోయ దాటి జగదల్‌పూర్ చేరతాం. నేను రెండు దసరాలకు అలాగే వెళ్ళాను.

నడిచినంత మేర రాజ్యం

బస్తర్ రాజులు తాము కాకతీయుల వంశం వాళ్ళమని చెప్పుకున్నారు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల చేతిలో పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి రాజ్యం స్థాపించాడని వారి వంశ కథ. దంతేవాడలో 1703 నాటి దిక్పాలదేవుడి శాసనం ఈ వంశక్రమాన్ని చెబుతుంది. అంటే దాదాపు 380 ఏళ్ళ తరవాత రాజుగారే రాయించుకున్న మాట. దాన్ని ఆ మేరకే తీసుకోవాలి.

దానితోపాటు ఒక పురాణ కథ కూడా ఉంది. దంతేశ్వరీ దేవి అన్నమదేవుడితో, నువ్వు ముందు నడువు, నేను వెనక వస్తాను, నువ్వు నడిచినంత మేర నీ రాజ్యం, వెనక్కి మాత్రం చూడకు అందట. శంఖిని, డంకిని నదులు కలిసే చోట ఇసుకలో ఆమె అందెల చప్పుడు వినిపించలేదు. రాజు వెనక్కి చూశాడు. దేవి అక్కడే ఆగిపోయింది. అదే దంతేవాడ.

దేవత నడిచిందని నేను నమ్మను. అయితే కట్టుకథ కూడా, దాన్ని కట్టిన సమాజం గురించి ఏదో ఒకటి చెబుతుంది. ఇక్కడ రాజ్యానికి కొలమానం నడక. గుర్రం ఎంత పరిగెత్తితే అంత అని కాదు. రథం ఎంత పోతే అంత అని కాదు. ఈ అడవిలో రాజైనా, దేవతైనా కాలినడకనే పోవాలన్నది ఆ కథ కట్టినవాళ్ళకు తెలిసిన నిజం.

పాత బస్తర్ వైశాల్యం సుమారు 39 వేల చదరపు కిలోమీటర్లు. కేరళ కన్నా కాస్త పెద్దది. అంత ప్రాంతాన్నీ కలిపినవి కాలిబాటలు, బంజారాల ఎడ్ల బాటలు. ఉప్పు బయటి నుంచి ఎడ్ల వీపు మీద వచ్చేది. 1795లో కెప్టెన్ బ్లంట్ అనే కంపెనీ అధికారి చునార్ నుంచి మన గోదావరి జిల్లాలోని యర్నగూడెం దాకా దారి సర్వే చేసుకుంటూ బయలుదేరాడు. ఆ ప్రయాణంలో గోండులు అతన్ని ఎదిరించారు. దారి గీసుకుంటూ వచ్చినవాడి వెనక ఇంకెవరు వస్తారో వాళ్ళు ఊహించే ఉంటారని నేననుకుంటాను. తరవాతి చరిత్ర ఆ ఊహను నిజం చేసింది.

వెట్టి మీద వేసిన బాటలు

1876లో జరిగిన సంగతి చూడండి. రాజు భైరమదేవ్ బ్రిటిష్ యువరాజుని కలవడానికి బయలుదేరాడు. రాజు వెళ్ళిపోతే దివాను గోపీనాథ్, మున్షీ ఆదిత్ ప్రసాద్‌ల దోపిడీకి అడ్డుండదని మురియా జనం భయపడ్డారు. మారెంగా దగ్గర రాజుని దారిలోనే ఆపేశారు. తరవాత వేలాదిగా నడిచి వచ్చి జగదల్‌పూర్‌ని చుట్టుముట్టారు. సిరోంచ నుంచి డిప్యూటీ కమిషనర్ మెక్‌జార్జ్ వచ్చి వాళ్ళ ఫిర్యాదులు విన్నాడు. అలా మొదలైన మురియా దర్బారు ఇప్పటికీ దసరాలో జరుగుతుంది. దాని సంగతి తరవాత చెబుతాను.

ఆ తరవాతి కాలంలో పాలన పెరిగింది. పాలనతో పాటు డాక్ బంగళాలు, ఠాణాలు, రోడ్లు వచ్చాయి. వీటిని కట్టింది ఎవరు? వెట్టివాళ్ళు. హిందీలో బేగార్ అంటారు. అధికారి వస్తే సామాను మోయాలి. కోడి, గుడ్లు, బియ్యం ఇవ్వాలి. రోడ్డు పనికి రమ్మంటే రావాలి. కూలి ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. బండి ఎక్కని మనిషి, బండి ఎక్కేవాడి కోసం, కూలి లేకుండా రోడ్డు వేశాడు. బస్తర్ రోడ్ల చరిత్రకు మొదటి వాక్యం ఇదే.

1905లో మూడింట రెండు వంతుల అడవిని రిజర్వు చేయాలని ప్రభుత్వం ప్రతిపాదించింది. పోడు, వేట, అటవీ సేకరణ ఆపాలన్నారు. కొన్ని ఊళ్ళను అడవిలో ఉండనిచ్చారు. అందుకు బదులుగా చెట్లు కొట్టడానికీ, మోయడానికీ, మంటల నుంచి అడవిని కాపాడటానికీ అటవీశాఖకు ఉచితంగా పని చేయాలి. 1899-1900, 1907-08 కరువులు దీనికి తోడయ్యాయి. మామిడి కొమ్మలు, మట్టిబెడ్డ, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి చేతులు మారాయి. 1910 ఫిబ్రవరిలో భూమ్‌కాల్ అనే తిరుగుబాటు లేచింది. నేతానార్ ఊరివాడైన గుండాధుర్ పేరు ఇప్పటికీ అక్కడ ఇంటింటి పేరు. సంతలు దోచారు. అధికారుల, వ్యాపారుల ఇళ్ళు, ఠాణాలు, బడులు తగలబెట్టారు. తమను పీడించినవాళ్ళతో సంబంధం ఉన్న ప్రతిదాన్నీ కొట్టారన్నమాట. బడిని తగలబెట్టడం మనకు నచ్చదు. కానీ ఆ బడి కట్టింది ఎవరి వెట్టితోనో తెలిస్తే, ఎందుకు తగలబెట్టారో అర్థమవుతుంది. అర్థం కావడం వేరు, సమర్థించడం వేరు.

బ్రిటిష్ వాళ్ళకు దాన్ని అణచడానికి మూడు నెలలు పట్టింది. గుండాధుర్ మాత్రం దొరకలేదు. రిజర్వు చేయదలచిన అడవి విస్తీర్ణాన్ని దాదాపు సగానికి తగ్గించారు.

తెలుగువాళ్ళకు ఈ కథ కొత్త కాదు. పన్నెండేళ్ళ తరవాత మన మన్యంలో జరిగిందీ ఇదే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి పైకి ఘాట్ రోడ్డు వేయించాడు. గిరిజనులకు చాలీచాలని కూలి ఇచ్చి, ఎదురు తిరిగినవాళ్ళని వేధించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి ఠాణా మీద పడటానికి ముందు ఆ కోపం రాజుకుని ఉంది. సీతారామరాజుని మనం విగ్రహం చేసి దండలు వేశాం. ఆయన వెనక నడిచిన మనుషులను మండించిన కారణాల్లో ఒక రోడ్డు కూడా ఉందన్న సంగతి మాత్రం మరిచాం.

ఇనుము కోసం దారి

1948లో బస్తర్ ఇండియన్ యూనియన్‌లో కలిసింది. వెట్టి చట్టపరంగా పోయింది. రాజ్యాంగం 19(1)(డి) అధికరణం దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కు ఇచ్చింది. కానీ దారులు ఎటు పోవాలో నిర్ణయించే పద్ధతి మారిందా?

1958లో తూర్పు బెంగాల్ శరణార్థుల కోసం దండకారణ్య ప్రాజెక్టు వచ్చింది. 1960లలో బైలాడిలా ఇనుప ఖనిజం కోసం కిరండూల్ నుంచి కొత్తవలస దాకా కొండల్ని తొలిచి రైలు మార్గం వేశారు. ఇంజనీరింగ్ పరంగా అది గొప్ప పని, కాదనను. 1968 నుంచి ఖనిజం విశాఖ రేవు మీదుగా జపాన్ వెళ్ళింది. ఆ మార్గం ఏ ఊరిని ఏ సంతతో కలపాలి అని ఆలోచించి గీసింది కాదు. గనిని ఓడతో కలపడానికి గీసింది. ప్రయాణికుల బండి దాని మీద అతిథి మాత్రమే. నేను ఆ బండిలో వెళ్ళినప్పుడు ఖనిజం రైలు పోయేదాకా స్టేషన్లో పడిగాపులు పడ్డాను. పక్కనున్న పెద్దాయన నవ్వి, "ముందు ఇనుము బాబూ, తరవాత మనిషి" అన్నాడు. కిరండూల్లో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన శ్రీకాకుళం మనిషి. ఆయనకు సిద్ధాంతం ఏమీ లేదు, అనుభవం ఉంది.

రోడ్డూ తుపాకీ

ఆ తరవాతి కథ ఇంకా చేదు. 2005లో సల్వాజుడుం మొదలైంది. వందల పల్లెలు ఖాళీ అయ్యాయి. జనాన్ని దోర్నపాల్, ఎర్రబోరు వంటి చోట్ల రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. చాలామంది మన ఖమ్మం జిల్లాకు పారిపోయి వచ్చారు. రోడ్డు పక్కన ఉంటే ప్రభుత్వం మనిషి, అడవిలో ఉంటే శత్రువు అన్నట్టు తయారైంది. 2011 జులై 5న సుప్రీంకోర్టు గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడటం రాజ్యాంగ విరుద్ధం అని తీర్పు చెప్పింది.

మావోయిస్టులూ రోడ్డుని అదే కళ్ళతో చూశారు. రోడ్లు తవ్వారు, మందుపాతరలు పెట్టారు, యంత్రాలు తగలబెట్టారు. 2010 మే 17న దంతేవాడ జిల్లాలో పేల్చిన బస్సులో సాధారణ ప్రయాణికులూ చనిపోయారు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర చనిపోయిన 25 మంది జవాన్లు రోడ్డు పనికి కాపలా ఉన్నవాళ్ళు. ఇరుపక్షాలకూ రోడ్డు యుద్ధరంగమే. దాని మీద నడిచే మనిషి ఇద్దరి లెక్కలోనూ లేడు.

2021 మేలో సిల్గేర్‌లో వేలమంది గిరిజనులు భద్రతా బలగాల క్యాంపుకి వ్యతిరేకంగా కూర్చున్నారు. మే 17న కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. చనిపోయినవాళ్ళు మావోయిస్టు అనుబంధ వ్యక్తులని పోలీసులు అన్నారు, మామూలు పల్లెవాళ్ళని ఊళ్ళవాళ్ళు అన్నారు. బడి కావాలి, ఆసుపత్రి కావాలి, క్యాంపు వద్దు అన్నది అక్కడ కూర్చున్నవాళ్ళ మాట. అభివృద్ధి వద్దని వాళ్ళు అనలేదు. ఏది ముందు రావాలో తాము చెబుతామన్నారు.

ఇక డబ్బు సంగతి. 2025 జనవరి 3న బీజాపూర్‌లో ముకేశ్ చంద్రాకర్ అనే విలేఖరి శవం ఒక కాంట్రాక్టరు స్థలంలోని సెప్టిక్ ట్యాంకులో దొరికింది. ఆ జిల్లాలో ఒక రోడ్డు పని నాసిరకంగా జరిగిందని వచ్చిన కథనం వెనక అతని కృషి ఉంది. పోలీసులు ఆ కాంట్రాక్టరుని, మరికొందరిని అరెస్టు చేశారు. రోడ్డుని దేవుడిగా చూసే సమాజంలో, ఆ దేవుడి లెక్కలు అడిగినవాడికి ఎంత ముప్పో దీన్ని బట్టి తెలుస్తుంది.

రోడ్డు వద్దని నేను అనడం లేదు. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని మంచానికి కట్టి మైళ్ళ తరబడి మోసుకుపోయే ఊళ్ళు బస్తర్‌లో ఉన్నాయి. మన పాడేరు మన్యంలో డోలీ మోతలూ అవే. ఆ ఊరికి దారి లేకపోవడాన్ని సంస్కృతి అని పొగిడేవాళ్ళతో నాకు పని లేదు. కానీ ఖనిజానికి అరవై ఏళ్ళ కిందటే పట్టాలు వేసిన దేశం, ఆ పురిటి మంచానికి దారి వేయడానికి ఇంతకాలం ఎందుకు పట్టింది?

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుస్తున్నప్పుడు, తెలంగాణ మిరప చేలల్లో కూలికి వచ్చిన ఒక పన్నెండేళ్ళ బస్తర్ అమ్మాయి ఇంటికి నడిచి బయలుదేరింది. మూడు రోజులు నడిచింది. పోలీసులు ఆపుతారని పెద్దరోడ్డు వదిలి అడవి బాట పట్టారు. ఇల్లు ఇంకా కొద్ది మైళ్ళుందనగా చనిపోయింది. జాతీయ రహదారి ఉంది. అది ఆ పిల్లకు పనికిరాలేదు.

సంత, రథం వీధి

ఇంతవరకూ ఊళ్ళ మధ్య దారుల సంగతి. ఇప్పుడు ఊళ్ళోకి వద్దాం. మనుషుల కోసం వీధి ఎలా ఉంటుందో బస్తర్‌కి బయటివాళ్ళు నేర్పనక్కర్లేదు. వారం సంత చూస్తే చాలు.

ఆల్ఫ్రెడ్ జెల్ అనే మానవశాస్త్రవేత్త ఉత్తర బస్తర్‌లోని ధోరాయి సంత మీద 1982లో ఒక వ్యాసం రాశాడు. సంత చక్రంలా వలయాలు వలయాలుగా ఉంటుందని గమనించాడు. మధ్యలో నగలు, బట్టలు వంటి ఖరీదైన సరుకుల వర్తకులు. బయటికి వచ్చేకొద్దీ కూరగాయలు, కుండలు వంటివి అమ్మేవాళ్ళు. జనం కొనడానికే రారు. చూడటానికి, కలుసుకోవడానికి, పెళ్ళి మాటలు మాట్లాడుకోవడానికి వస్తారు. పదేసి మైళ్ళు నడిచి వచ్చి సాయంత్రం నడిచి పోతారు. సంత లోపల బండికి చోటు లేదు, అవసరమూ లేదు.

కోంటా వైపు ఒక సంతలో చింతపండు అమ్ముతున్న ఆమెని అడిగాను. "రోడ్డు వచ్చింది కదమ్మా, ఇప్పుడు సుఖంగా ఉందా?"

"వచ్చింది అన్నా. బండ్లకు మంచిగుంది. బస్సు దొరికిన దినం మాకు గూడ మంచిగుంది. దొరకని దినం అంచుమీద నడవాలె. లారీ వస్తే పిల్లను పట్టుకొని పొలంల దిగాలె. పాత బాటల దిగే పని లేకుండె."

ఆమె రోడ్డుని తిట్టలేదు, పొగడలేదు. లాభం ఏదో, నష్టం ఏదో వేరు చేసి చెప్పింది.

జగదల్‌పూర్ దసరా ఇంకో ఉదాహరణ. 18వ శతాబ్దంలో రాజధాని అక్కడికి మారింది. ఈ దసరాలో రావణుడు లేడు, రాముడు లేడు. దంతేశ్వరీ దేవి ఛత్రం ఉంటుంది. 75 రోజుల ఉత్సవం. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ ఊళ్ళ వడ్రంగులు ప్రతి ఏడూ కొత్తగా రథం చేస్తారు. నాలుగు చక్రాల పూల రథం కొన్ని రోజులు సిరహాసార్ నుంచి గోల్ బజార్ చుట్టూ తిరుగుతుంది. చివర్లో ఎనిమిది చక్రాల విజయ రథాన్ని కిలేపాల్ వైపు మాడియాలు లాగుతారు. ఆ రోజుల్లో వీధిలో మనిషి కాలికి తగిలేది ఇంకో మనిషి కాలే. ముసలమ్మలు వీధి మధ్యలో కూర్చుని అన్నం తింటారు. పిల్లలు తప్పిపోతే ఎవరో ఒకరు ఎత్తుకుని తెస్తారు. పండగ అయిన మర్నాడు అదే వీధిలో అదే పల్లెవాళ్ళు రోడ్డు దాటుతుంటే డ్రైవర్లు హారన్ కొట్టి తిట్టడం నేను చూశాను. ముందురోజు వీధి వాళ్ళది. ఇవాళ వాళ్ళు అడ్డం.

దేవత మీద నమ్మకం లేకపోయినా ఒక నిజం ఒప్పుకోవాలి. వీధిని బండ్లకు మూసి మనుషులకు తెరవడం సాధ్యమే. ఊరు ఆగిపోదు. అది ప్రతి ఏడూ రుజువవుతోంది. ఆ రుజువుకి దేవత అవసరం లేదు. మున్సిపాలిటీ చాలు.

కానీ పాతదంతా మంచిదని చెప్పి ఆపేస్తే హేతువాది పని సగమే చేసినట్టు. జెల్ చూసిన సంత చక్రంలో మధ్యన ఎవరున్నారు, అంచున ఎవరున్నారు? ఎక్కువ కులం, ఎక్కువ డబ్బు మధ్యలో. రథం ఎక్కేది ఎవరు, లాగేది ఎవరు? ఒకప్పుడు రాజే ఎక్కేవాడు. బండ్లు లేనంత మాత్రాన వీధి సమానం అయిపోదు. మురియా దర్బారు ఈ ఉత్సవంలో నాకు నచ్చిన భాగం. అక్కడ గిరిజన పెద్దలు ఏలేవాళ్ళ ఎదుట తమ కష్టాలు చెబుతారు. ఒకప్పుడు రాజు వినేవాడు, ఇప్పుడు ముఖ్యమంత్రి వింటారు. ఐతే విని తీర్చడం దయ. మనకు కావలసింది హక్కు.

వీధిలో నడిచే హక్కు

నడక హక్కు కోసం మన దేశంలో జరిగిన పోరాటాలు కార్లు రాకముందే మొదలయ్యాయి. 1893లో అయ్యంకాళి తిరువాన్కూరులో దళితులకు నిషేధించిన బాట మీద ఎడ్లబండి కట్టుకుని వెళ్ళాడు. 1924 మార్చి 30న వైకోం సత్యాగ్రహం మొదలైంది. గుడిలోకి పోవడం కోసం కాదు, గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడవడం కోసం. పెరియార్ అందులో పాల్గొని రెండుసార్లు జైలుకి వెళ్ళాడు. 1925లో మూడు వైపుల వీధులు తెరిచారు. మన ఊళ్ళలో పెద్దకులాల వీధిలో చెప్పులు చేత పట్టుకుని నడవాల్సిన రోజులు మన తాతల కాలం నాటివే. ఆ వీధిలో నడిచేవాడు అంటరానివాడు కాబట్టి అడ్డం. ఈ వీధిలో నడిచేవాడికి బండి లేదు కాబట్టి అడ్డం. రెండూ ఒకటేనని అనను. కులం పీడన బండి లేకపోవడం కన్నా ఎంతో క్రూరం. కానీ వీధి ఎవరిది అన్న ప్రశ్న రెండింటిలోనూ ఉంది.

అమెరికాలో నడిచేవాణ్ణి తప్పుకోమన్న కథ సరిగ్గా వందేళ్ళ కిందటిది. అక్కడ 'జే' అంటే పల్లెటూరి బైతు. వీధి ఎక్కడ పడితే అక్కడ దాటేవాణ్ణి జేవాకర్ అని వెక్కిరించడం 1910, 20లలో బాగా ప్రచారమైంది. కార్ల వర్తకుల సంఘాలు, మోటారు క్లబ్బులు ఆ వెక్కిరింతను చట్టంగా మార్పించాయి. 1923లో సిన్సినాటి పౌరులు కార్ల వేగాన్ని యంత్రంతోనే గంటకు 25 మైళ్ళకు కట్టడి చేయాలని ఓటింగ్ పెట్టించారు. కార్ల వ్యాపారులు పెద్దఎత్తున ప్రచారం చేసి ఓడించారు. అప్పటిదాకా వీధిలో మనిషి చనిపోతే తప్పు బండిది. ఆ తరవాత తప్పు మనిషిది. జగదల్‌పూర్ డ్రైవరు పల్లెవాణ్ణి తిట్టినప్పుడు నాకు ఆ 'జే' గుర్తొచ్చింది.

ఇది తిరగరాయలేని రాత కాదు. కోపెన్‌హాగన్ 1962లో స్ట్రోయట్ వీధిని నడిచేవాళ్ళకిచ్చింది. నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు 'పిల్లల హత్యలు ఆపండి' అని వీధుల్లో కూర్చున్నారు. ఇవాళ మనం మెచ్చుకునే డచ్చి సైకిలు దారులు ఆ పోరాటంతో వచ్చినవే.

మన దగ్గర 2006 జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలను కాదు, మనుషులను కదిలించాలి అని చక్కగా చెప్పింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. అందులో నడిచేవాళ్ళు 32,825 మంది, అంటే రోజుకి దాదాపు 90 మంది. 2025 మేలో సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. వైకోం తరవాత నూరేళ్ళకు.

రోడ్డుని అడగాల్సిన ప్రశ్నలు

2025 నాటికి మావోయిస్టు ఉద్యమం బాగా బలహీనపడింది. బస్తర్‌లో రోడ్లు వేగంగా పరుచుకుంటున్నాయి. ఇరవై ఏళ్ళ కిందట చిన్న ఊళ్ళు అనుకున్న సుక్మా, బీజాపూర్, కొండగావ్ ఇప్పుడు జిల్లా కేంద్రాలు. రేపటి పట్టణాలు. ఇప్పుడు గీసిన గీత వందేళ్ళు ఉంటుంది. మన విజయనగరం, ఖమ్మం చేసిన తప్పులు వాళ్ళు చేయనక్కర్లేదు. అందుకే ఏ రోడ్డు వేసినా, అక్కడైనా ఇక్కడైనా, కొన్ని ప్రశ్నలు అడగాలి.

1. దీన్ని ఎవరు అడిగారు? 1996 పెసా చట్టం బస్తర్‌లో గ్రామసభను సంప్రదించమంటోంది. ఛత్తీస్‌గఢ్ 2022లో దానికి నిబంధనలు చేసింది. సభ నిజంగా జరిగిందా, కాగితం మీదే జరిగిందా?

2. ఇది ఏ రెండు చోట్లను కలుపుతోంది? గనిని, రేవునా? లేక ఊరిని, బడిని, సంతని, ఆసుపత్రినా?

3. నడిచేవాడికి అంచు ఉందా? తలమీద బుట్ట పెట్టుకుని, చంకన పిల్లతో నడిచే ఆడమనిషి లారీ వచ్చినప్పుడు పొలంలోకి దిగకుండా నిలబడగలదా?

4. ఊరి మధ్య నుంచి పోయేచోట వేగం ఎంత? మనుషులు, బండ్లు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని 2020 స్టాక్‌హోం ప్రకటన చెప్పింది.

5. సంత స్థలం మిగిలిందా? రోడ్డు వెడల్పు చేసినప్పుడు మొదట పోయేది అదే.

6. బస్సు వస్తుందా? బస్సు రాని తారు రోడ్డు బండి లేనివాడికి పాత బాట కన్నా ఎక్కువ ప్రమాదం.

7. కూలి అందిందా, లెక్కలు గోడ మీద రాశారా? వెట్టి నుంచి ముకేశ్ చంద్రాకర్ దాకా ఉన్న చరిత్ర ఈ ప్రశ్న అడగమంటోంది.

ఈ ఏడింటికీ సరైన జవాబు వస్తే ఆ రోడ్డు వేయాల్సిందే, రేపు కాదు, ఇవాళే. జవాబు చెప్పకుండా రోడ్డు అంటేనే అభివృద్ధి అనేవాడితో, చక్రం కింద నిమ్మకాయ పెట్టేవాడితో మాట్లాడినట్టే మాట్లాడాలి. రుజువు చూపించమని అడగాలి. మన సంఘం సభ్యులు ఈ దసరాకి నిమ్మకాయల మీద కరపత్రం వేస్తారు, వేయాలి కూడా. దాని వెనక పేజీలో మీ ఊరి బజారు వీధిలో ఫుట్‌పాత్ ఎన్ని అడుగులుందో, అందులో ఎన్ని అడుగులు నడవడానికి మిగిలిందో టేపుతో కొలిచి అచ్చు వేయండి.